గుండు మందు మీదే కూర్చుందా?

(అమెరికాలోని ఒక షూటింగ్ క్లబ్బులో, పాతకాలపు తుపాకులు కాల్చి చూడాలని వచ్చిన తెలుగు కుటుంబాలకు ఇచ్చిన పరిచయ ప్రసంగం. మాటల్లో దొర్లిన చిన్న చిన్న పునరుక్తులు తీసేశాం.)

అందరికీ నమస్కారం. కాఫీ తెచ్చుకోనివాళ్ళు ఇప్పుడే తెచ్చుకోండి. నేను మాట్లాడ్డం మొదలుపెడితే మధ్యలో ఆపను, లేవనివ్వను కూడా. (నవ్వులు) ఫోన్లు మాత్రం జేబుల్లో పెట్టేయండి. బయట రేంజి మీద కూడా అదే పద్ధతి. కారణం కాసేపట్లో మీకే తెలుస్తుంది.

బల్ల మీద ఉన్నది బ్రౌన్ బెస్. అసలు కాదు, దానికి నకలు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం మోసిన మస్కెట్. దీని గొట్టం లోపల నున్నగా ఉంటుంది, రైఫిల్‌కుండే మెలికల గాళ్ళు ఉండవు. అందుకే స్మూత్‌బోర్ అంటాం. మందూ గుండూ మూతి నుంచే వెయ్యాలి, గజంతో, అంటే గొట్టంలోకి దిగే ఈ పొడుగాటి కడ్డీతో, దట్టించాలి. వెనకవైపు మూసే ఉంటుంది. అంటే లోపల ఏముందో మీరు చూడలేరు. ఇవాళ చెప్పేదంతా ఆ ఒక్క ఇబ్బంది గురించే. లోపల గుండు ఎక్కడుందో కంటికి కనపడదు, కానీ మనకు తెలిసి తీరాలి.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, చాలామంది అడుగుతున్నారు. ఈ దేశంలో ఫెడరల్ చట్టం, 1968 నాటిది, ఇలాంటి మూతి నుంచి దట్టించే పాతరకం తుపాకుల్నీ వాటి నకళ్ళనీ మామూలు తుపాకుల లెక్కలో వెయ్యదు. అది చూసి సంబరపడకండి. రాష్ట్రాలకు వేరే చట్టాలున్నాయి. న్యూజెర్సీలో ఉన్న మన బంధువులకు ఇవి కూడా తుపాకులే, కార్డు కావాలి. వీసా మీదున్నవాళ్ళు కొనేముందు మీ రాష్ట్రం నిబంధన చదువుకోండి, లేదా లాయర్ని అడగండి, నన్ను కాదు. ఇండియాలో అయితే సందేహమే లేదు, 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి.

ఇక అసలు విషయం.

1840లో కెనడాలోని రెడ్ రివర్ నుంచి మేటీలు అడవిదున్నల వేటకు బయల్దేరారు. మేటీలంటే ఫ్రెంచి, స్కాటిష్ వర్తకులకూ అక్కడి ఆదివాసీ స్త్రీలకూ పుట్టిన సంతతి. ఆ ఏడు 1,210 బళ్ళు కట్టుకుని వెళ్ళారు. వాళ్ళతో వెళ్ళిన అలెగ్జాండర్ రాస్ అనే ఆయన అంతా రాసిపెట్టాడు. పరిగెత్తే గుర్రం మీద, పరిగెత్తే మందలో, చేతిలో స్మూత్‌బోర్ తుపాకీ. గజం తీసి దట్టించే తీరిక ఎక్కడిది? అందుకని గుండ్లు నోట్లో పెట్టుకునేవాళ్ళు. మందు నింపుకునే కొమ్ములోంచి అంచనాగా ఇంత మందు గొట్టంలోకి వంపి, నోట్లోంచి ఒక గుండు మూతిలోకి ఉమ్మి, తుపాకీ మడమను జీను మీద ఒక్కటి కొట్టేవాళ్ళు. గుండు తడిగా ఉంటుంది కాబట్టి మందుకు అతుక్కుంటుందని ఆశ. పేల్చే క్షణం దాకా మూతిని ఆకాశం వైపే ఉంచేవాళ్ళు. దున్న పక్కకు రాగానే దించడం, దించుతూనే పేల్చడం.

మూతి ఎందుకు పైకి ఉంచారో గమనించండి. కిందికి దించితే గుండు దొర్లుకుంటూ ముందుకొచ్చేస్తుంది. వచ్చి గొట్టం మధ్యలో ఎక్కడో ఆగుతుంది. అప్పుడు పేలిస్తే గొట్టం పగులుతుంది. ఆ వేటలో ఒకడి తుపాకీ పగిలి మూడు వేళ్ళు పోయాయని రాస్ రాశాడు. వాళ్ళు చేతకానివాళ్ళు కారు, ఈ తుపాకీతోనే పుట్టి పెరిగినవాళ్ళు. ప్రమాదం ఎక్కడుందో వాళ్ళకు బాగా తెలుసు, అందుకే మూతి ఎత్తి పట్టారు. మనకు దున్నలు తరమడం లేదు కాబట్టి ఇంతకంటే మంచి ఉపాయాలు వాడదాం.

గుండు దొర్లడమేమిటి, గొట్టానికి సరిపోయే గుండు వాడొచ్చుగా అని మీలో ఎవరో అనుకుంటున్నారు. చెప్తాను. ఈ బ్రౌన్ బెస్ గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో ముప్పావు, 0.75. సైన్యం ఇచ్చిన గుండు సుమారు 0.69. తేడా అంగుళంలో నూటికి ఆరు వంతులు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. సీసపు గుండు బరువు 32 గ్రాముల దాకా ఉంటుంది. అంత బరువైన వస్తువు అంత వదులుగా ఉన్న గొట్టంలో పడితే దానంతట అదే జారిపోతుంది. కావాలనే అలా చేశారు. ఈ మందు కాలితే సగానికి పైగా మసే. నాలుగు దెబ్బలు, పది దెబ్బలు పేల్చేసరికి గొట్టం గోడలకు గట్టిగా పేరుకుంటుంది. సరిగ్గా సరిపోయే గుండయితే ఆరో దెబ్బకే దిగదు. సైనికుడికి గురి కంటే వేగం ముఖ్యం, నిమిషానికి మూడుసార్లు కాల్చాలి. అందుకని వదులు గుండు, దాని చుట్టూ కాగితపు తూటా. ఆ కాగితం నలిగి గుండు చుట్టూ ఇరుక్కుని దాన్ని కదలకుండా పట్టుకుంటుంది.

మన ఊసు కూడా ఉంది ఇందులో. దీనికే గొట్టం పొట్టి చేసి, 39 అంగుళాలకు తగ్గించి, ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకోసం చవగ్గా చేయించింది. ఇండియా ప్యాటర్న్ అని పేరు. నెపోలియన్ యుద్ధాలప్పుడు తుపాకులు చాలక బ్రిటిష్ సైన్యం కూడా దాన్నే తీసుకుంది. మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్ళు చాలామంది. మన ముత్తాతల ముత్తాతలు ఇదే గజం లాగి ఇదే గొట్టంలో దట్టించి ఉంటారు. వాళ్ళను క్లైవు బెంగాలుకు తీసుకెళ్తే అక్కడ సిపాయి అంటేనే తిలంగా అన్నారు. సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉంటే ఏమవుతుంది? గుండు మందు మీద ఆనుకుని ఉన్నప్పుడు, మందు కాలడం మొదలవగానే గుండు కదులుతుంది. వాయువు పెరిగేకొద్దీ చోటూ పెరుగుతుంది. గుండు అడుగు దూరంలో ఉందనుకోండి. వాయువు ఆ అడుగు దూరం అడ్డూ ఆపూ లేకుండా దూసుకొచ్చి, నిలబడి ఉన్న సీసపు ముద్దకు ఒక్కసారి గుద్దుకుంటుంది. గుండు కదిలేలోపు ఆ చోట గొట్టం గోడ మీద దెబ్బ పడుతుంది. అదృష్టం బాగుంటే గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బుతుంది. బాగుండకపోతే పగులుతుంది. ఆ పగిలే చోటు దగ్గర సాధారణంగా ఉండేది మీ ఎడమ చెయ్యి.

అందుకని స్మూత్‌బోర్‌లో నేను మొట్టమొదట నేర్పేది దట్టించడం కాదు, కొలవడం. (గజం తీసి చూపుతున్నారు.) ఇదిగో, ఖాళీ తుపాకీ. ఖాళీ అని నేను చెప్తున్నాను, మీరు నమ్మకూడదు. గజాన్ని మూతిలోకి వదిలేస్తాను, వినండి. (ఖంగుమన్న చప్పుడు.) విన్నారా? ఇనుము ఇనుము మీద పడ్డ మోత. గజం కాస్త ఎగిరి మళ్ళీ పడింది కూడా. ఇప్పుడు అడుగున ఒక గుడ్డ పేలిక వేసి మళ్ళీ వదులుతాను. (మొద్దు చప్పుడు.) ఇది అణిగిన చప్పుడు, ఎగరడం లేదు. లోపల మందో గుండో పేలికో ఏదో ఉందన్నమాట. పాతకాలం సైన్యంలో తనిఖీ అధికారి వరుస వెంట నడుస్తుంటే సిపాయిలు ఒక్కొక్కరూ గజం ఇలాగే వదిలేవాళ్ళు, ఆయన చెవితోనే చూసేవాడు.

చెవి చాలదు, గుర్తు కూడా కావాలి. గజం అడుగు తాకినప్పుడు మూతి అంచు దగ్గర గజం మీద ఒక గీత గీయండి. కర్రగజమైతే ముందు పెన్సిలుతో, తర్వాత చాకుతో సన్నగా. ఇది ఖాళీ గీత. సరిగ్గా దట్టించాక, అంటే కొలిచిన మందు, దాని మీద ఆనిన గుండు, అప్పుడు మూతి దగ్గర రెండో గీత. ఈ తుపాకీలో 80 గ్రెయిన్ల మందు వేస్తే, అంటే సుమారు 5.2 గ్రాములు, గొట్టంలో ముప్పావు అంగుళం దాకా ఎత్తు తీసుకుంటుంది. గుండు ఇంకో ముప్పావు. కాబట్టి రెండు గీతల మధ్య దూరం అంగుళంన్నర ఉండాలి. దట్టించాక రెండో గీత మూతికి పైన నిలబడితే గుండు పూర్తిగా దిగలేదు, లేదా రెండోసారి దట్టించేశారు. కిందికి పోతే మందు తక్కువ పడింది, లేదా అసలు వెయ్యలేదు. ఒక్క గీత ఇన్ని సంగతులు చెప్తుంది. మీరు గుండు సైజు మార్చినా మందు కొలత మార్చినా గీత మారుతుంది, మళ్ళీ గీసుకోవాలి. 80 అనేది ఉదాహరణకు చెప్పాను. మీ తుపాకీ తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఎంతుందో అదే మీ లెక్క, దాన్ని దాటొద్దు.

ఒకాయన చెయ్యెత్తారు. చెప్పండి.

(సభలోంచి: అంకుల్, రెండుసార్లు దట్టించేంత మతిమరుపు ఎవరికుంటుంది?)

బాబూ, ఆ మాట గెటిస్‌బర్గ్‌లో అడగాల్సింది. 1863 జూలైలో, అమెరికా అంతర్యుద్ధంలో, అక్కడ జరిగిన పోరు అయ్యాక మైదానంలో పడి ఉన్న తుపాకులు ఏరి లెక్కేశారు. అప్పటి లెక్క ప్రకారం 27,574. అందులో 24,000 దాకా లోడు చేసే ఉన్నాయి. వాటిలో దాదాపు సగంలో రెండేసి మోతాదులు, పావు వంతు వాటిలో మూడు నుంచి పది దాకా. ఒకదాన్లో అయితే ఇరవై మూడు! అవి ఎక్కువ రైఫిళ్ళే, కానీ మూతి నుంచి దట్టించేవే. చుట్టూ ఫిరంగులు మోగుతుంటే తన తుపాకీ పేలిందో లేదో కూడా వాడికి తెలియదు. మనకు ఫిరంగులు అక్కర్లేదు, పక్కన నిలబడి ఎవరైనా క్రికెట్ స్కోరు అడిగితే చాలు. (నవ్వులు) మందు పోశాక, గుండు వేసేముందు, ఎవరో పలకరిస్తే తల తిప్పుతాం. తిరిగి చూసేసరికి మందు పోశామా లేదా? అందుకే ఫోను జేబులో పెట్టమన్నాను, దట్టించేవాళ్ళతో మాట్లాడొద్దనేది ఇక్కడి నియమం. పలకరింపు వచ్చిందంటే చేస్తున్నది ఆపి, గజం దించి గీత చూసి, అప్పుడు ముందుకెళ్ళాలి.

ఇప్పుడు మందు. దీనికి బ్లాక్ పౌడరే వాడాలి. ఆధునిక తూటాల్లో ఉండే పొగరాని మందు, స్మోక్‌లెస్, ఇందులో చిటికెడు కూడా పడకూడదు. అది పుట్టింది 1884లో, ఫ్రాన్సులో. ఈ గొట్టాల డిజైను అంతకంటే నూటయాభై ఏళ్ళు ముందుది. స్మోక్‌లెస్ పేలినప్పుడు పుట్టే ఒత్తిడి వీటిని చీల్చేస్తుంది. రెండు మందుల్నీ ఒకే అలమరలో పెట్టుకోవద్దు, డబ్బా మార్చి పొయ్యొద్దు, పేరు లేని డబ్బాలో ఉన్నది నల్లగా కనపడుతోంది కదా అని వాడొద్దు. స్మోక్‌లెస్ కూడా నల్లగానే ఉంటుంది చాలాసార్లు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలున్నాయి, క్యాప్ తుపాకుల్లో, అంటే దెబ్బ తగిలితే నిప్పు పుట్టే చిన్న టోపీ పెట్టి పేల్చేవాటిలో, బాగానే పనిచేస్తాయి. ఈ బెస్ లాంటి చెకుముకి రాయి తుపాకీలో వాటితో నానా తంటాలు, త్వరగా అంటుకోవు. రేణువు సైజుకు ఎఫ్ అక్షరాలుంటాయి. ఎఫ్‌లు పెరిగేకొద్దీ సన్నం. ఇంత లావు గొట్టానికి రెండు ఎఫ్‌ల మందు మామూలు. రంజకానికి, అంటే గొట్టం పక్కనున్న గిన్నెలో వేసి ముందు అంటించే మందుకు, నాలుగు ఎఫ్‌ల పొడి.

కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి పొయ్యొద్దు. ఇది అతిగా చెప్పడం కాదు. కిందటి దెబ్బలో కాలిన పేలిక ముక్కో, మసిలో చిక్కిన నిప్పురవ్వో అడుగున మిగిలి ఉందనుకోండి. కొలపాత్రలోంచి పోస్తే పేలేది ఆ 80 గ్రెయిన్లు. చెయ్యి కాలుతుంది, భయం పుడుతుంది, ఇంటికి వెళ్తారు. కొమ్ములోంచి పోస్తే పేలేది మీ చేతిలో ఉన్న అరకిలో మందు. అందుకే అంతర్జాతీయ పోటీల్లో ప్రతి దెబ్బకూ ముందే కొలిచి పెట్టుకున్న చిన్న సీసాలే తెచ్చుకోవాలి, లైను దగ్గరికి కొమ్ము రానివ్వరు. ఇక్కడ కొమ్ము వెనక బల్ల మీద, మూత పెట్టి. కొలపాత్రలోకి పోసుకున్నాక మూత పెట్టాకే లైను దగ్గరికి రండి. పోసేటప్పుడు మొహం మూతి మీదికి వంచొద్దు, తుపాకీ మీ నుంచి కాస్త అవతలికి వంగి ఉండాలి.

రెండు దెబ్బల మధ్య తడి పేలికతో ఒకసారి తుడవడం ఈ క్లబ్బులో తప్పనిసరి. నిప్పురవ్వ ఆరుతుంది, మసి మెత్తబడుతుంది. తడి అంటే నీళ్ళు కారేంత కాదు, నాలికతో తడిపినంత. ఎక్కువ తడి చేస్తే అడుగున బురద, ఆ తర్వాత మందు నానుతుంది, పేలదు. ఒకసారి తడి, ఒకసారి పొడి.

గుండుకొద్దాం. స్మూత్‌బోర్‌లో రెండు పద్ధతులు. మొదటిది పేలిక చుట్టి. ఈ 0.75 గొట్టానికి 0.69 బదులు 0.715 గుండు తీసుకుని, సుమారు 0.015 మందం ఉన్న నూలు గుడ్డ, దానికి కాస్త కొవ్వో నూనో రాసి, మూతి మీద పరిచి గుండు పెట్టి తోస్తాను. లెక్క చూడండి, రెండు వైపులా గుడ్డ కలిపి 0.745. గొట్టానికి దగ్గరగా వచ్చేసింది. బొటనవేలితో మొదలుపెట్టొచ్చు, గజంతో ఒత్తితే దిగుతుంది, దిగాక పేలిక పట్టుకుని ఉంచుతుంది, మూతి దించినా దొర్లదు. కొత్తవాళ్ళకు నేను ఈ పద్ధతే ఇస్తాను. పాలియెస్టర్ గుడ్డ వద్దమ్మా, పాత చీరలు తెస్తామన్నారు కదా, సిల్కూ నైలానూ కాదు, ముతక నూలే. నైలాను కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

రెండో పద్ధతి వట్టి గుండు. మందు మీద ఒక మందపాటి వాడ్, అంటే అడ్డుబిళ్ళ, దాని మీద గుండు, గుండు మీద ఇంకో వాడ్ లేదా పల్చటి అట్టబిళ్ళ. పైనున్న బిళ్ళ పని గురికి సంబంధించింది కాదు. మూతి కిందికి దించినప్పుడు గుండును ఆపడమే దాని ఉద్యోగం. అది వదులుగా ఉంటే ఉద్యోగం చెయ్యనట్టే. జనపనార పీచు దట్టంగా పెట్టినా సరే. ఒక చిన్న కిటుకు చెప్తాను. అట్టబిళ్ళ బిగుతుగా ఉంటే కింద గాలి చిక్కుకుంటుంది. గజంతో అదిమినప్పుడు దిగినట్టే దిగి, గజం తీశాక గాలి దాన్ని మళ్ళీ పైకి నెడుతుంది. మీరు గీత చూసి సంతోషపడి గజం తీసేశారు, లోపల బిళ్ళ మెల్లగా పైకొచ్చింది. బిళ్ళ మధ్యలో సూదితో ఒక చిల్లు పొడిస్తే గాలి పోతుంది. ఇలాంటి పని కోసమే మేం దట్టించాక కాసేపాగి, పేల్చేముందు గజం మళ్ళీ దించి గీత చూస్తాం. లైన్లో మీ వంతు కోసం పది నిమిషాలు నిలబడాల్సొస్తే, తుపాకీని భుజాన వేసుకుని నడిచొస్తే, మూతి ఒకసారి కిందికి వంగిందని అనుమానమొస్తే, మళ్ళీ దించి చూడండి. రంజకం వెయ్యకముందే సుమా.

గజం పట్టుకునే తీరు. ఇది చూడండి. (చూపుతున్నారు.) మూతికి పై భాగంలో జానెడు ఎత్తులో పట్టుకోవాలి. అంతకంటే పైన పట్టుకుని మొత్తం బలంతో ఒక్క తోపు తోస్తే కర్రగజం వంగి ఏటవాలుగా విరుగుతుంది. విరిగిన కొస శూలంలా ఉంటుంది, తోసే ఊపులో ఉన్న చెయ్యి నేరుగా దాని మీదికే వెళ్తుంది. ఈ ఆటలో పేలుళ్ళ కంటే ఈ గాయాలే నాకు ఎక్కువ కనపడ్డాయి. పొట్టి పొట్టి తోపులతో, వేళ్ళతో పట్టుకుని దించండి. అరచెయ్యి గజం కొస మీద పెట్టి అదమొద్దు. లోపల మందు అనుకోకుండా అంటుకుంటే గజం పోయే దారిలో అరచెయ్యి ఉండకూడదు. గుండు మందుకు ఆనాక గుద్దొద్దు, మందు పొడి కొట్టొద్దు. ఆనిందని తెలిస్తే చాలు.

దిగేటప్పుడు చెవి పెట్టండి. గుండు దిగుతుంటే గొట్టంలోని గాలి పక్కనున్న సన్నటి చిల్లులోంచి బయటికి పోవాలి, సన్నగా బుస్సుమంటుంది. ఆ బుసబుస వినపడితే చిల్లు తెరిచే ఉందని. వినపడకపోతే చిల్లు మసితో మూసుకుంది, రంజకం అంటుకున్నా లోపలికి నిప్పు వెళ్ళదు. సన్నటి తీగతో పొడవండి. క్యాప్ తుపాకీ ఉన్నవాళ్ళు మొదలు పెట్టేముందు, ఇంకా ఏదీ వెయ్యకముందు, మూతి గడ్డిపోచకు దగ్గరగా పెట్టి వట్టి క్యాప్ ఒకటి పేల్చి చూడండి. గడ్డిపోచ ఊగితే దారి శుభ్రంగా ఉంది. నూనె మిగిలి ఉంటే ఊగదు.

ఇప్పటిదాకా రంజకం ఎలా వెయ్యాలో చెప్పలేదు, గమనించారా? చివర్నే అది. 1764 నాటి బ్రిటిష్ డ్రిల్లు చదివితే మీకు ఆశ్చర్యమేస్తుంది. తూటా కొరికి, ముందు రంజకం గిన్నెలో కొద్దిగా పోసి, గిన్నె మూసి, ఆ తర్వాత మిగతా మందూ గుండూ మూతిలో పోసేవాళ్ళు. అంటే సిద్ధంగా ఉన్న తుపాకీ మూతి ముందు చెయ్యి పెట్టి దట్టించేవాళ్ళు. యుద్ధంలో ఆ మూడు సెకన్లు మిగలడం ముఖ్యం, వాడి చెయ్యి కాదు. సినిమాల్లో, చారిత్రక ప్రదర్శనల్లో ఆ పద్ధతి చూసి ఇక్కడ చెయ్యబోయేవాళ్ళు ఉంటారు. ఇక్కడ వద్దు. దట్టిస్తున్నంతసేపూ గిన్నె ఖాళీ, ఫ్రిజెన్, అంటే రాయి కొట్టుకుని నిప్పురవ్వలు రాల్చే ఉక్కు రేకు, తెరిచి, దాని మీద ఈ తోలు తొడుగు, రాయి ఉన్న కొక్కెం కిందికి. లైను దగ్గరికొచ్చి, మూతి లక్ష్యం వైపు తిప్పి, రేంజి అధికారి చెప్పాక అప్పుడు తొడుగు తీసి రంజకం. గిన్నె నిండా వద్దు, సగం లోపు చాలు. మీ కుడివైపు నిలబడ్డవాళ్ళ మీదికి ఆ చిల్లులోంచి మంట పోతుంది. అందుకే ఇక్కడ మనిషికీ మనిషికీ అంత దూరం పెట్టాం. కళ్ళద్దాలు అందరికీ, చూసేవాళ్ళకు కూడా.

రంజకం భగ్గుమని తుపాకీ పేలకపోతే? ఏమీ చెయ్యకండి. మూతి లక్ష్యం వైపే, భుజం మీదే, కనీసం ఒక నిమిషం. నిప్పు చిల్లులో నెమ్మదిగా పాకుతూ ఉండొచ్చు. ఆగకుండా తుపాకీ దించి గొట్టంలోకి తొంగిచూసేవాళ్ళు... అది నేను చెప్పను. నిమిషం అయ్యాక చిల్లు పొడిచి మళ్ళీ రంజకం. రెండోసారీ అంతే అయితే అధికారిని పిలవండి.

మందు వెయ్యడం మరిచి వట్టి గుండే దట్టించేశారనుకోండి, ఇది అందరికీ జరిగేదే, సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మీద ఇంకో మోతాదు వేస్తేనే ముప్పు. చిల్లులోంచి కొన్ని రేణువులు లోపలికి ఎక్కించి, గజంతో గుండును మళ్ళీ ఒకసారి కిందికి అదిమి, రంజకం వేసి అడ్డకట్టలోకి పేల్చేస్తాం. మధ్యలో ఆ అదమడం మరిచిపోకూడదు. ఎందుకంటే చిల్లులోంచి మందు ఎక్కించే హడావుడిలో గుండు కాస్త కదిలి ఉంటే మళ్ళీ మొదటికే వచ్చాం, మందుకు ఎడంగా గుండు. వేరే దారి, గజం చివర మరమేకు లాంటి పుల్లర్ బిగించి గుండులోకి తిప్పి లాగెయ్యడం. అది చేసేముందు లోపల మందు ఉందేమో అని ఏ మాత్రం అనుమానమున్నా చిల్లులోంచి నీళ్ళు పోసి నానబెట్టాలి. ఈ పనులు ఇవాళ మీరెవరూ సొంతంగా చెయ్యరు, పిలవండి, మేం చేస్తాం.

గుండు సగంలో బిగుసుకుపోతే, మసి పేరుకుని అలా అవుతుంటుంది, ‘పర్లేదు, పేల్చేస్తే అదే పోతుంది’ అని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకండి. అది మేటీ వేటగాడి మూడు వేళ్ళ మాట. కిందికి దిగాలి, లేదా పైకి రావాలి. మధ్యలో ఉండగా రంజకం లేదు.

ఇంకెవరైనా?

(సభలోంచి, ఒక పెద్దావిడ: మా పుట్టింటివైపు, ఏజెన్సీలో, నాటు తుపాకులు పెట్టుకునేవారండీ. పందులు చేలో పడతాయని. అవీ ఇవీ ఒకటేనా?)

పద్ధతి ఒకటే అమ్మా, మూతి నుంచి దట్టించడమే, గొట్టమూ నున్నదే. తేడా గొట్టంలో ఉంది. లైసెన్సు ఉన్న తుపాకీ గొట్టాన్ని అమ్మేముందు మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి పరీక్షిస్తారు. బర్మింగ్‌హామ్‌లో అందుకోసమే 1813లో ప్రూఫ్ హౌస్ అని పెట్టారు, తట్టుకున్న గొట్టం మీద ముద్ర కొడతారు. నీళ్ళ పైపుతో చేసిన నాటు తుపాకీకి ఆ పరీక్ష చేసేది, పేల్చే మనిషే. ఇక్కడ నేను చెప్పిన కొలతలూ గీతలూ ఏవీ దాన్ని కాపాడవు. లైసెన్సు లేకపోవడం సరేసరి. దాని జోలికి పోవద్దని మీ వాళ్ళకు చెప్పండి.

(మరో ప్రశ్న: మా తాతగారింట్లో గోడకు పాత తుపాకీ ఉంది. ఎప్పటిదో. దాన్ని తుడిచి పెట్టుకోవచ్చా?)

మంచి ప్రశ్న, అందరూ వినండి. పాత తుపాకులు గోడకెక్కేటప్పుడు చాలాసార్లు లోడు చేసే ఎక్కుతాయి. రాత్రి దొంగలొస్తారేమోనని దట్టించి పెట్టిన తాతగారు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పోతారు. ఈ మందు చెమ్మ తగలకుండా ఉంటే వందేళ్ళయినా చావదు. మ్యూజియముల్లో శతాబ్దం నాటి తుపాకుల్లో పాత మోతాదు బయటపడడం కొత్తేమీ కాదు. కాబట్టి ఎవరో పిల్లాడు సరదాగా కొక్కెం లాగి క్యాప్ దగ్గర అగ్గిపుల్ల పెట్టకముందే చూడాలి. పద్ధతి ఇది. మూతి ఎవరి వైపూ లేకుండా పట్టుకుని, ఒక సన్నటి కర్ర మూతిలోంచి అడుగు తగిలేదాకా దించి మూతి దగ్గర గుర్తు పెట్టండి. అదే కర్రను గొట్టం బయట పక్కనే పెట్టి చూడండి. కర్ర కొస చిల్లు ఎదురుగా దాకా వస్తే ఖాళీ. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. ఉందని తెలిస్తే గీకడాలు, పొడవడాలు, వేడినీళ్ళు, పొయ్యి దగ్గర ఆరబెట్టడాలు ఏవీ వద్దు. పనితెలిసిన తుపాకీ మెకానిక్కుకు ఇవ్వండి. ఇండియాలో అయితే దానికి కాగితాలున్నాయా అన్నది ముందు చూసుకోండి, లేకపోతే పోలీసు స్టేషన్లో చెప్పి వాళ్ళ ద్వారానే ఆ పని చేయించండి. చిల్లులోంచి, మూతిలోంచి నీళ్ళు పోసి మందు నానబెట్టాకే వాళ్ళు గుండు లాగుతారు. ఖాళీ అని తేలాక కూడా దాన్ని పేల్చాలని ఉబలాటపడకండి. ఆ కాలపు గొట్టాల్లో లోపల తుప్పు తిన్న గుంటలు బయటికి కనపడవు. గోడ మీదే బాగుంటుంది.

సరే, టైమైంది. బయట మూడు బల్లలున్నాయి. మొదటి బల్ల మీద మందు లేదు, గుండ్లు మాత్రం ఉన్నాయి. అందరూ ముందు అక్కడ వట్టి గుండూ పేలికా వేసి, గజంతో దించి, గీత చూసి, పుల్లర్‌తో బయటికి లాగి చూపించాలి. అది చేసినవాళ్ళకే రెండో బల్ల. చెవుల్లో పెట్టుకునే బిరడాలు తలుపు దగ్గర డబ్బాలో ఉన్నాయి, వెళ్తూ వెళ్తూ తీసుకోండి.